ఆకుపచ్చ చుక్కల రద్దీలో అసలు మెసేజ్ ఇరుక్కుపోతోంది: రాత్రి బస్సుల చాట్ యాప్‌లో ప్రెజెన్స్ (ఎవరు ఆన్‌లైన్‌లో ఉన్నారో చెప్పే) ట్రాఫిక్ తగ్గించేది ఎలా?

నైట్‌డ్యూటీ_కడప | బుధవారం, రాత్రి 11:52

అందరికీ నమస్తే. మాది కడప. బెంగళూరు మడివాళలో ఒక చిన్న కంపెనీలో బ్యాకెండ్ పని చేస్తాను. ప్రైవేటు ట్రావెల్స్ స్టాఫ్ మాట్లాడుకోవడానికి చాట్ యాప్ నడుపుతాం. డ్రైవర్లు, క్లీనర్లు, బోర్డింగ్ పాయింట్ల దగ్గర చార్టు పట్టుకుని నిలబడే పిల్లలు, కౌంటర్లలో టికెట్లు కొట్టేవాళ్లు, అందరూ అందులోనే. కలాసిపాళ్యం, ఆనందరావు సర్కిల్, మడివాళల నుంచి బస్సులన్నీ కదిలేది రాత్రి తొమ్మిది, పదకొండు మధ్యే. ఆ రెండు గంటలూ మా సర్వర్లకు ఊపిరాడదు.

పోయిన శుక్రవారం జరిగింది ముందు చెప్తాను. అది చెప్పకుండా అంకెలు మాత్రం పెడితే నేను ఇంత రాత్రి ఎందుకు రాస్తున్నానో మీకు అర్థం కాదు.

రాయచోటి మీదుగా కడపకు పోయే బస్సు మడివాళ ఆఫీసు ముందు నుంచి 10:12కి కదిలింది. ఎకోస్పేస్ దగ్గర ఒక పెద్దాయన, ఆయన భార్య ఎదురు చూస్తున్నారు. ఆస్పత్రి పని ముగించుకుని ఊరికి పోతున్నవాళ్లు. చివరి నిమిషంలో కౌంటర్లో సీటు రాయించుకున్నారు కాబట్టి డ్రైవర్ చేతిలో ఉన్న చార్టులో వాళ్ల పేర్లు లేవు. కౌంటర్ అబ్బాయి 10:14కి యాప్‌లో పెట్టాడు: ‘ఎకోస్పేస్‌లో ఇద్దరు ఉన్నారు, ఆపండి’. డ్రైవర్ పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతూనే ఉంది, అంటే ఆన్‌లైన్‌లో ఉన్నట్టు. అందుకే ఫోన్ చెయ్యలేదు. 10:24కి బస్సు వాళ్ల ముందు నుంచే వెళ్లిపోయింది. డ్రైవర్ ఫోన్ మోగింది 10:28కి, మారతహళ్లి దాటే చోట. ఆ ముసలివాళ్లు రెండింటి దాకా ఆ రోడ్డు పక్కనే కూర్చుని వేరే బస్సెక్కారు. మా అమ్మానాన్నలు కూడా అదే బస్సులో వస్తూ పోతూ ఉంటారు.

ఇక అంకెలు. మొత్తం 14 ట్రావెల్స్. ఆ సమయంలో కనెక్ట్ అయి ఉండే ఫోన్లు దాదాపు 9,000. అందులో 3,000 కదిలే బస్సుల్లో ఉంటాయి. ఒక ట్రావెల్స్‌లో పనిచేసే అందరూ ఒకరికొకరు కాంటాక్టులే, మొదట్లో అలా పెట్టేశారు. అంటే ఒక్కొక్కరి చుక్క మారితే సగటున 600 ఫోన్లకు చెప్పాలి. బస్సులో ఉన్న ఫోన్ సిగ్నల్ పోతూ వస్తూ గంటకు 12 సార్లు చుక్క మార్చుకుంటుంది. 3,000 ఇంటూ 12 ఇంటూ 600: గంటకు 2 కోట్ల 16 లక్షల నోటిఫికేషన్లు, సెకనుకు 6,000. అదే సమయంలో మనుషులు నిజంగా టైపు చేసి పంపే మెసేజ్‌లు సెకనుకు 20 కూడా దాటవు.

రెండు నెలల కిందట గేట్‌వేను (ఫోన్లన్నీ కనెక్ట్ అయ్యే సర్వర్‌ను) రాత్రి 9:40కి రీస్టార్ట్ చేయాల్సి వచ్చింది. ఆ 9,000 ఫోన్లూ ఒక్కసారిగా మీద పడ్డాయి. ప్రతి ఫోనూ ‘నేను వచ్చాను’ అని 600 మందికి చెప్పాలి, ఆ 600 మంది ఎలా ఉన్నారో తనూ తెలుసుకోవాలి. కోటి దాటింది లెక్క. గేట్‌వే మళ్లీ పడిపోయింది. ఫోన్లు మళ్లీ ఐదు సెకన్లకు వచ్చాయి. మళ్లీ పడిపోయింది. అలా అరగంట.

సర్వర్లు రెండింతలు చేశాం. నెల బిల్లు పెరిగింది, బాధ తగ్గలేదు. హార్ట్‌బీట్‌ను, అంటే ఫోన్ ఇంకా ఉందా అని చూసే వ్యవధిని, 30 సెకన్ల నుంచి 60కి మార్చాం. చుక్క మరింత అబద్ధం చెప్పడం మొదలుపెట్టింది. ఆన్‌లైన్ సంగతి రెడిస్‌లో (మెమరీలో నడిచే డేటాబేస్) గడువు పెట్టిన కీలతో ఉంచుతున్నాం, కీ గడువు తీరితే వచ్చే ఈవెంట్‌ను బట్టి ‘ఆఫ్‌లైన్’ అని అందరికీ పంపుతున్నాం.

ఇంతకుముందు ఇలాంటి వాటితో పనిచేసిన వాళ్లెవరైనా ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి. చుక్కలు పూర్తిగా తీసేయమంటే మాత్రం కౌంటర్ల వాళ్లు ఒప్పుకోరు.

---

హెబ్బాళ్_పాత_టెలికాం | గురువారం, ఉదయం 6:40

అమ్మా, పొద్దున్నే కాఫీ తాగుతూ చదివాను. ఆ ముసలివాళ్ల సంగతి చదివాక కప్పు పక్కన పెట్టి రాస్తున్నాను.

నేను ఈ ఊళ్లోనే టెలికాం కంపెనీల్లో సిప్ (ఇంటర్నెట్ కాల్స్ కలిపే ప్రోటోకాల్) ప్రెజెన్స్ మీద పదేళ్లు పనిచేసినవాణ్ని. నీ సమస్య మాకు కొత్త కాదు, మా తలలు నెరిసింది దీంతోనే. ఇంటర్నెట్ పద్ధతులను రాసిపెట్టే ఆర్‌ఎఫ్‌సీ పత్రాల్లో, 2000లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2778 అని ఒక చిన్న పత్రం ఉంది. ప్రెజెన్స్ అంటే ఏమిటో మాటలు స్థిరపరిచింది అదే. చూసేవాణ్ని వాచర్ అన్నారు. వాచర్లలో రెండు రకాలు చెప్పారు. ఒకడు ఫెచర్, అవసరమైనప్పుడు వచ్చి ‘ఇప్పుడు ఎలా ఉన్నాడు’ అని అడిగి పోతాడు. ఇంకొకడు సబ్‌స్క్రైబర్, ‘మారినప్పుడల్లా చెప్పు’ అని చందా కట్టి కూర్చుంటాడు. నీ 600 మందిలో చందాదారులు ఎంతమందని అనుకుంటున్నావు? నా అంచనా నలుగురో ఐదుగురో. మిగతావాళ్లు ఫెచర్లు కూడా కారు, ఆ రాత్రంతా ఆ డ్రైవర్ పేరే తలుచుకోరు. మీరు అందరిచేతా చందా కట్టించారు. అక్కడుంది తప్పు, సర్వర్లలో కాదు.

సిప్‌లో చందాకు గడువు ఉండేది. ప్రెజెన్స్‌కు మామూలుగా 3,600 సెకన్లు. వాచర్ మళ్లీ వచ్చి అడక్కపోతే చందా దానంతట అదే రాలిపోయేది. మీరు కూడా అలా చేయండి. యాప్‌లో ఆ తెర తెరిచినప్పుడు, తెర మీద కనిపించే పది పన్నెండు పేర్లకు మాత్రం చందా. తెర మూస్తే చందా పోవాలి. ఫోన్ చెప్పడం మరిచిపోయినా రెండు నిమిషాల్లో సర్వరే తీసేయాలి.

రెండోది, వేగానికి అడ్డుకట్ట. 2004 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3856లో స్పష్టంగా ఉంది: ఒక మనిషి గురించిన నోటిఫికేషన్లు ఐదు సెకన్లకు ఒకటి కంటే ఎక్కువ పంపకూడదు. మధ్యలో నాలుగు సార్లు మారితే మారనీ, చివరిది చెప్తే చాలు. 2006లో వచ్చిన 4662తో కాంటాక్టుల జాబితా మొత్తానికి ఒకే చందా, నోటిఫికేషన్లు కట్టగట్టి పంపడం వచ్చాయి. తర్వాత మారిన ముక్క మాత్రమే పంపడం 5263తో, ‘నాకు ఇంతకంటే తొందరగా పంపొద్దు’ అని వాచరే చెప్పుకోవడం 6446తో వచ్చాయి. ఇన్ని పత్రాలు ఎందుకు రాయాల్సి వచ్చిందో ఆలోచించు. అందరూ నీలాగే గుణకారం చేసి బెంబేలెత్తినవాళ్లే. 2008లో ఫేస్‌బుక్ చాట్ మొదలైనప్పుడు వాళ్ల ఇంజనీర్లు రాసింది కూడా ఇదే. మెసేజ్‌లు పంపడం కాదు, ఎవరు ఉన్నారో ఎవరు లేరో స్నేహితులందరికీ తెలియజేస్తూ ఉండటమే అన్నిటికంటే భారమైన పని అని.

గ్రూపు రెండింతలైతే ఈ ట్రాఫిక్ నాలుగింతలవుతుంది. మీరు సర్వర్లు మాత్రం రెండింతలు చేశారు.

---

టిన్‌ఫ్యాక్టరీ_ఆరున్నర | గురువారం, మధ్యాహ్నం 1:15

అక్కా, మాస్టారు చెప్పింది ట్రాఫిక్ సంగతి. శుక్రవారం రాత్రి జరిగిన దానికి వేరే కారణం కూడా ఉందని నాకు అనిపిస్తోంది. మీరు రాసిన టైములే పట్టిస్తున్నాయి.

బస్సు 10:12కి కదిలింది. అప్పటిదాకా డ్రైవర్ ఫోన్ మీ మడివాళ ఆఫీసు వైఫైలో ఉండి ఉంటుంది, కదా? బస్సు వైఫై దాటింది. ఫోన్ జేబులో ఉంది, బ్యాటరీ సేవర్ యాప్‌ను నిద్రపుచ్చింది, 4జీలో మళ్లీ కనెక్ట్ కాలేదు. వైఫై మీద ఉన్న పాత కనెక్షన్ చచ్చిపోయింది, కానీ తెంచుకుంటున్నానని సర్వర్‌కు ఎవరూ చెప్పలేదు. సర్వర్ లైనక్స్ అయితే, జవాబు రాని ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపుతూనే ఉంటుంది. టీసీపీ_రిట్రైస్2 అనే సెట్టింగ్ మామూలుగా 15. దాని లెక్క ప్రకారం కెర్నల్ ఆశ వదులుకోవడానికి కనీసం 924.6 సెకన్లు పడుతుంది. అంటే 15 నిమిషాల 25 సెకన్లు. 10:12కి కలపండి. 10:27 దాటాక మీ సర్వర్ ‘అయ్యో, ఇతను లేడు’ అనుకుని పుష్ (నిద్రలో ఉన్న యాప్‌ను లేపే నోటిఫికేషన్) పంపింది, 10:28కి ఫోన్ మోగింది.

కాబట్టి మీ హార్ట్‌బీట్ కోడ్‌లో కూడా ఎక్కడో తప్పుంది, చూడండి. ఫోన్ నుంచి జవాబుగా వచ్చే పాంగ్‌ను లెక్కపెట్టకుండా, తాము పంపిన ‘ఉన్నావా’ అనే పింగ్‌ను సాకెట్ (సర్వర్ వైపు కనెక్షన్ కొస) తీసుకుంటే చాలు బతికే ఉన్నాడని గడువు పొడిగిస్తున్నారేమో. మా దగ్గర సరిగ్గా అదే జరిగింది.

మీకు ఇంకో మాట చెప్పాలని ఉంది. చుక్కను బట్టి మెసేజ్ దారి నిర్ణయించకండి. ‘ఆకుపచ్చగా ఉంది కాబట్టి పుష్ అక్కర్లేదు’ అనే ఒక్క షరతు ఆ ఇద్దరినీ రోడ్డు మీద కూర్చోబెట్టింది. చుక్క ఒక ఊహ. మెసేజ్ అందిందని ఫోన్ స్వయంగా చెప్పాలి. ప్రతి మెసేజ్‌కూ ఒక నంబరు ఇవ్వండి, ఎనిమిది సెకన్లలో ఆ నంబరుకు జవాబు రాకపోతే ఎఫ్‌సీఎంలో (గూగుల్ పుష్ సర్వీసు) హై ప్రయారిటీతో పంపేయండి. రెండు దారుల్లోనూ వచ్చినా నంబరు చూసి ఫోన్ ఒకదాన్ని పారేస్తుంది. హై ప్రయారిటీని ఇలాంటి వాటికి మాత్రమే వాడండి. తెర మీద ఏమీ చూపించని వాటికి వాడుతూ పోతే గూగుల్ వాటి ప్రయారిటీని తగ్గించేయొచ్చు. చుక్కల సమాచారం పుష్‌లో అసలు పంపొద్దు.

క్యూలు వేరు చేయండి. ప్రతి కనెక్షన్‌కూ మెసేజ్‌లకు ఒక వరుస: ముందు వచ్చింది ముందు, ఒక్కటీ పోకూడదు. స్థితికి వరుసే వద్దు, మనిషికి ఒక గడి పెట్టండి. కొత్త స్థితి వస్తే పాతదాని మీద రాసేయండి. ఘాట్‌లో పావుగంట సిగ్నల్ లేకపోతే మీ దగ్గర ఇప్పుడు ఆ ఫోన్ కోసం వందల ప్యాకెట్లు పేరుకుంటాయి, వాటి వెనక మెసేజ్ నిలబడుతుంది. గడుల పద్ధతిలో ఎంత సేపైనా మనిషికి ఒక్కటే మిగులుతుంది. మెసేజ్‌ల వరుస ఖాళీ అయ్యాకే గడులు పంపండి.

ఫోన్లు ఐదు సెకన్లకే తిరిగి రావడం అన్నారు. అది మార్చకపోతే మిగతావన్నీ చేసినా మళ్లీ పడతారు. ఎదురుచూపు ప్రతిసారీ రెట్టింపవ్వాలి, పైగా ఆ వ్యవధిలో ఎక్కడో ఒకచోట ఇష్టమొచ్చిన క్షణంలో రావాలి. అందరూ ఒకే లెక్కతో రెట్టింపు చేసుకుంటే గుంపు గుంపుగానే వస్తారు.

రెడిస్ గురించి కూడా: గడువు తీరిన ఈవెంట్ గడువు తీరిన క్షణంలో రాదు, రెడిస్ ఆ కీని నిజంగా తీసేసినప్పుడు వస్తుంది. ఎవరూ ఆ కీని ముట్టుకోకపోతే ఆలస్యం కావచ్చు. ఆ క్షణాన మీ సర్వీసు రెడిస్‌కు కనెక్ట్ అయి లేకపోతే ఆ ఈవెంట్ పోయినట్టే. ‘ఆఫ్‌లైన్’ నిర్ణయం దాని మీద పెట్టొద్దు.

---

సీతంపేట_టు_సర్జాపూర్ | గురువారం, సాయంత్రం 5:02

ఇంత శ్రమ ఎందుకు, చుక్కలు తీసేసి ‘అందింది’, ‘చూశారు’ అనే రెండు టిక్కులు పెట్టండి. బస్సు నడిపే మనిషి ఆన్‌లైన్‌లో ఉన్నాడా లేడా అని ఎవరికైనా ఎందుకు తెలియాలి? నడుపుతున్నాడంటే ఫోన్ చూడకూడదు కూడా.

---

చార్టు_పట్టే_తమ్ముడు | గురువారం, రాత్రి 8:20

అక్కా, నాకు కోడింగ్ రాదు. కలాసిపాళ్యంలో నాలుగేళ్లు చార్టు పట్టుకుని నిలబడినవాణ్ని, ఇప్పుడు కౌంటర్లో కూర్చుంటున్నా. మీలాంటి యాప్ ఒకటి మా దగ్గరా ఉంది.

మేము చుక్క ఎందుకు చూస్తామో చెప్తా. రాత్రి తొమ్మిదిన్నరకు నా చేతిలో మూడు బస్సులుంటాయి. ఆ మూడు బస్సుల డ్రైవర్లు, క్లీనర్లు, ఆరుగురు. బస్సు ఏ సర్కిల్ దగ్గర ఇరుక్కుందో, ఎంతసేపటికి వస్తుందో ప్యాసింజర్ నా చొక్కా పట్టుకుని అడుగుతుంటాడు. ఆ ఆరుగురిలో ఎవడికి చేస్తే పలుకుతాడు అనేదే నాకు కావాలి. డ్రైవర్‌కు చుక్క లేకపోతే క్లీనర్‌కు చేస్తా. మిగతా ఐదారువందల చుక్కలు నాకెందుకు? పైగా జాబితాలో నా ఆరుగురిని వెతుక్కోవడానికే టైము పోతుంది.

పైన సార్ తీసేయమన్నారు. తీసేస్తే మాకు కష్టమే. ఒక్కటి మాత్రం నిజం, డ్రైవర్ అన్న బండి తోలుతుంటే ఆయన పేరు పక్కన ‘తోలుతున్నాడు’ అని చూపిస్తే చాలు. మేము క్లీనర్‌కే పంపుతాం. బండి దాటే లోపు చార్టు తెర మీదే ఈ రాత్రి బస్సు మనుషులు కనిపిస్తే ఆ పెద్ద జాబితా ఎవరూ తెరవరు.

---

నైట్‌డ్యూటీ_కడప | నాలుగు వారాల తర్వాత, ఆదివారం, మధ్యాహ్నం 2:30

కడపలో మా ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. ఆలస్యంగా వచ్చినందుకు క్షమించండి. చేసి చూశాకే చెప్పాలనుకున్నాను.

టిన్‌ఫ్యాక్టరీ తమ్ముడూ, నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. లాగ్ తీసి చూస్తే ఆ సాకెట్ తెగింది 10:27:41కి. పాంగ్ చూడకుండానే గడువు పొడిగించే లైను మా కోడ్‌లో మూడేళ్లుగా ఉంది. నేను చేరిన నెలలోనే ఆ ఫైలు తెరిచి చదివాను, నాకు కనిపించలేదు. ఆ రాత్రే సరిచేశాం. రెండో రోజు నంబరు-జవాబు పద్ధతి పెట్టాం. ఎనిమిది సెకన్లు ఆగడం మాత్రం మా డ్రైవర్ల పాత ఫోన్లకు తక్కువైంది, అనవసరంగా పుష్‌లు పోయాయి, పన్నెండు చేశాను.

మాస్టారూ, ఫెచర్, సబ్‌స్క్రైబర్ తేడా మా మీటింగ్‌లో బోర్డు మీద రాసి చెప్పాను. అంతకుముందు మా వాళ్లు ఇంకో రెండు సర్వర్లు కొందామనే మాట దగ్గరే ఉన్నారు. తెర తెరిస్తేనే చందా, రెండు నిమిషాల గడువు, ఐదు సెకన్లకు ఒక కట్ట. దీనికి తోడు కదిలే బస్సుల్లోని ఫోన్లు పోయిన వెంటనే ఆఫ్‌లైన్ అని చెప్పకుండా మూడు నిమిషాలు ఆగుతున్నాం. ఆ మూడు నిమిషాల్లో తిరిగి వస్తే ఎవరికీ ఏమీ చెప్పం. గంటకు 36,000 మార్పులు 7,000కు పడిపోయాయి. ఒక్కో మార్పును చూసేవాళ్లు 600 నుంచి నలుగురికి వచ్చారు. సెకనుకు 6,000 ఉన్నది ఎనిమిది అయింది. మొదటి రాత్రి గ్రాఫ్ చూసి కొలిచే సర్వీసే పాడైందనుకుని దాన్ని రీస్టార్ట్ చేశాను.

చార్టు తమ్ముడూ, అసలు దారి చూపింది నువ్వే అనిపిస్తుంది. మేము కోడ్ వైపు నుంచి ఎంత తవ్వినా ‘ఎవరు ఎవరిని చూడాలి’ అనే ప్రశ్న మాకు తట్టలేదు. ఇప్పుడు చార్టు తెర మీద ఆ రాత్రి బస్సు మనుషులే ఉంటారు. ‘తోలుతున్నాడు’ అనే మాట నువ్వు రాసినట్టే పెట్టాం. దాన్ని జీపీఎస్ వేగంతో పెడుతున్నాం కాబట్టి సిల్క్‌బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో బస్సు నిలబడితే మాట పోయి చుక్క వస్తోంది, మళ్లీ కదిలితే మళ్లీ మాట వస్తోంది. దాన్ని ఇంకా సరిచేయాలి. వేగం తగ్గాక ఎంతసేపు ఆగాలో నీకేమైనా తోస్తే చెప్పు.

సర్జాపూర్ గారూ, టిక్కులు కూడా పెట్టాం. చుక్కల కంటే వాటినే ఎక్కువ చూస్తున్నారు, మీ మాటలో నిజముంది.

శుక్రవారం రాత్రి నేను అదే బస్సులో కడపకు వచ్చాను. డ్రైవర్ క్యాబిన్‌లో, క్లీనర్ పక్కన, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. రాయచోటి దాటాక గువ్వలచెరువు ఘాట్‌లో తొమ్మిది నిమిషాలు సిగ్నల్ లేదు. కిందికి దిగాక నెట్‌వర్క్ వచ్చింది. క్లీనర్ ఫోన్ ఒక్కసారి మోగింది. కడప కౌంటర్ నుంచి మెసేజ్, ఏడో నంబరు సీటు వాళ్లను తీసుకెళ్లడానికి మనిషి వచ్చి ఉన్నాడని.

డ్రైవర్ అన్న అద్దంలోంచి చూసి అడిగాడు: ‘ఏం మా, ఒక్కటే మోగిందే? ఈ ఘాటు దిగితే టింగు టింగుమని ఊపిరాడనిచ్చేది కాదు గదా’.

క్లీనర్ లేచి ఏడో నంబరు సీటు వాళ్లను లేపడానికి వెనక్కి పోయాడు.